పక్క సంఖ్య

మొదట చక్కా నాంచారయ్య చేతిలో ఉన్నదేమిటో చెప్పుకోవాలి. దుగ్గిరాల పసుపు యార్డు వెనక వీధిలో ఒక కొట్టు. కొమ్ము విరిచి వాసన చూస్తే ఏ ఊరి చేలో పండిందో చెప్పగలిగిన ముక్కు. శేషారత్నం అనే భార్య. పిల్లలు లేరు. ఆ లోటును ఆయన ఏనాడూ నష్టం కింద వేసుకోలేదు. రత్నం ఒక్కతే ఇంటికీ కొట్టుకీ నిండుగా సరిపోతోందన్నది ఆయన లెక్క.

కొట్లో రైతులతో మాట కలిపేది ఆమె, ధర తెగ్గొట్టేది ఆయన. "రత్నమ్మగారు నవ్వినంతసేపూ బానే ఉంటది. ఆయన గొంతు సవరించుకున్నాడా, ఇహ మన పని అయినట్టే" అనుకునేవాళ్ళు బళ్ళు తోలుకొచ్చిన రైతులు. ఆమె తమ్ముడు బాపయ్య తూకాల దగ్గర నిలబడేవాడు. ముగ్గురూ కలిసి ఒక మనిషిలా వ్యాపారం చేసేవాళ్ళు.

ఆ ఏడు ఎండాకాలంలో తెనాలిలో సంఖ్యలు తీసే శిబిరం పెట్టారు. పెద్ద ఊళ్ళలో అది అప్పటికే రక్తపరీక్షంత మామూలైపోయింది. తలకు టోపీ లాంటిది తగిలించి కాసేపు కూర్చోబెడతారు. మనిషి బుర్రలో ఉన్న అల్లికంతా, జ్ఞాపకాలూ ఇష్టాలూ భయాలతో సహా, ఒకే ఒక్క పూర్ణసంఖ్యగా దిగుతుంది. కోట్ల అంకెలున్న సంఖ్య అది. దాన్ని భీమిలిలోని ప్రయోగశాలలో దాస్తారు. రేపెప్పుడైనా ఆ అల్లిక చెదిరిపోతే, సంఖ్యను చూసి మళ్ళీ అల్లుతారు. ఇద్దరూ తీయించుకున్నారు. మొదటి కొన్ని అంకెలూ చివరి కొన్ని అంకెలూ అచ్చువేసిన చీటీ చేతికిచ్చారు.

"ఇంత పొడుగు లెక్క నా బుర్రలో ఉందంటారా? నాకు పోపుల డబ్బా ఎక్కడ పెట్టానో గుర్తుండదు" అంది రత్నం.

"నీ చీటీలో చివర తొమ్మిదొచ్చింది. ఇంకొక్కటి పడితే నిండు లెక్కయ్యేది" అన్నాడు నాంచారయ్య.

"మీకు దేవుడిచ్చినా పైన కొసరు కావాలి" అని నవ్విందామె.

శ్రావణ మాసంలో ఒక పొద్దున, కొట్లో గోతాం మూతి కుట్టిస్తూ రత్నం పక్కకు ఒరిగిపోయింది. తలలో నరం చిట్లింది. గుంటూరు డాక్టర్లు ఊపిరి నిలబెట్టారు గాని మనిషిని నిలబెట్టలేకపోయారు. కళ్ళు తెరిచేది. ఆ కళ్ళలో ఎవరూ లేరు. నాంచారయ్య ఏడవలేదు. సంఖ్య తీయించి దాచుకున్నాం కదా, సరుకు గోదాములో భద్రంగా ఉంది, తెచ్చుకోవడమే తరువాయి అనుకున్నాడు. అంబులెన్సులో భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకుని భీమిలి చేరాడు.

*

ప్రయోగశాల సముద్రానికి ఎదురుగా ఎర్రమట్టి దిబ్బ మీద ఉంది. రోగుల తాలూకు వాళ్ళు కూర్చునే హాల్లో అందరి మాటలూ సంఖ్యల గురించే. సంబంధాల దగ్గర జాతకాలు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్ళు.

"మా మామగారిది మిగులు సంఖ్యండీ" అంది కాకినాడ నుంచి వచ్చిన ఒకావిడ. "అంటే మరేం లేదు. ఆ సంఖ్యను నిశ్శేషంగా భాగించేవన్నీ, అది కాక, కూడితే సంఖ్య కన్నా ఎక్కువొస్తాయట. పన్నెండు తీసుకోండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు. కూడితే పదహారు. అలాంటివాళ్ళు తొందరగా లేస్తారట. అదిగో ఆ మూల కూర్చున్నాయన తమ్ముడిది కొరత సంఖ్య. పాపం."

"మీ మామ లేచాక ఆ మిగులు మీకేమన్నా పంచుతాడా?" అన్నాడు బాపయ్య.

"ఆయనా? ముందు నా మీద తప్పులు కూడటం మొదలెడతాడు" అందావిడ. హాల్లో నలుగురూ నవ్వారు. ఆ హాల్లో నవ్వు అరుదు.

నాంచారయ్యకు ఆ వర్గీకరణ నచ్చింది. మిగులు, కొరత. వాటికి మధ్య, అటూ ఇటూ కాకుండా సరిగ్గా తూగే పరిపూర్ణ సంఖ్య. అది ఏ మనిషికీ రాలేదట. ఇవి ఆయనకు తెలిసిన మాటలే. తమది ఏ వర్గమో తేలితే తర్వాత బేరం ఎలా నడపాలో చూసుకోవచ్చు.

మూడో రోజున డాక్టర్ నఫీసా పిలిచింది. ఆ విద్యకు పెద్ద ఆవిడే. కర్నూలు మనిషి. నలభై దాటిన వయసు, నిద్ర చాలని కళ్ళు.

"మీ జేబులో పసుపు వాసనొస్తోంది" అంది.

నాంచారయ్య సిగ్గుపడుతూ గుప్పెడు కొమ్ములు తీసి బల్ల మీద పెట్టాడు. అలవాటు కొద్దీ ఎప్పుడూ ఉంటాయి. ఆవిడ పన్నెండు లెక్కబెట్టి నాలుగేసి చొప్పున మూడు వరసలు పేర్చింది.

"దెబ్బ తిన్న మెదడుకు ఇంత పెద్ద సంఖ్యను ఒక్కసారి అందించలేం. ముక్కలు చేసి అందిస్తాం. ఒక్కో ముక్క ఒక్కో తాళం అనుకోండి. మూడు దెబ్బల తాళం ఒకటి, నాలుగు దెబ్బలది ఒకటి. రెండూ కలిసి మోగితే పన్నెండుకోసారి మొదటికి వస్తాయి. అలా చిన్న చిన్న తాళాలన్నీ ఒకదాని మీద ఒకటి పడితే మనిషి మొత్తం తిరిగొస్తుంది." ఇంకో కొమ్ము తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు పదమూడు. వరసలుగా పేర్చండి."

ఆయన రెండేసి పేర్చాడు, మూడేసి పేర్చాడు, నాలుగేసి పేర్చాడు. ప్రతిసారీ ఒకటి మిగిలిపోతోంది.

"ఇది ప్రధాన సంఖ్య. దీనికి ముక్కల్లేవు. మీ ఆవిడ సంఖ్యకు ఇంతవరకూ ఒక్క ముక్క కూడా దొరకలేదు. ఎక్కడో పెద్ద ముక్కలున్నాయేమో తెలియదు. ఉంటే వెతుకుతాం, రాత్రింబవళ్ళు కూర్చునైనా సరే. అసలు లేకపోతే మాత్రం మా దగ్గర దారి లేదు. కోట్ల అంకెల తాళాన్ని ఒక్కసారి పూర్తిగా మోగించాలంటే మీ జన్మా నా జన్మా చాలదు."

"ఉన్నాయో లేదో తెలిసేదెట్టా?"

"పరీక్ష ఉంది. ఏదో ఒక సంఖ్యను ఎంచుకుని దానితో మీ ఆవిడ సంఖ్యను గుచ్చి చూస్తాం. ముక్కలున్నదైతే చాలావరకు అక్కడే బయటపడుతుంది. బయటపడలేదంటే ప్రధానమేనేమో అని అనుమానం. ఇంకో సంఖ్యతో గుచ్చుతాం. అనుమానం బలపడుతుంది. ఒక్కో పరీక్షకు మా యంత్రాలన్నిటికీ ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది."

నాంచారయ్య ముఖం విప్పారింది. "మచ్చు తీయడమేగా తల్లీ. సంచిలో ఇనుప గొట్టం గుచ్చి చూస్తాం మేం. ప్రతి కొమ్మూ విరిచి చూస్తామా?"

"ఎన్ని చోట్ల గుచ్చుతారు?"

"మూడు చోట్ల. పైన, మధ్య, అడుగున. మూడూ ఒకేలా ఉంటే సంచి నమ్మినట్టే."

"నేను పదిసార్లయినా గుచ్చాలనుకుంటున్నాను" అందావిడ. "కాని ఆమె మెదడు రోజురోజుకీ వాడిపోతోంది. వారం దాటితే ఏ తాళమూ పట్టుకోలేదు."

మొదటి పరీక్షలో ఏమీ బయటపడలేదు. రెండోదాంట్లోనూ అంతే. మూడోది అయినాక నఫీసా హాల్లోకే వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ముక్కలున్న సంఖ్య ఒక్క పరీక్షలో మనల్ని మోసం చేసే అవకాశం మహా అయితే నాలుగింట ఒకటి. మూడింట్లోనూ మోసం చేయడమంటే అరవై నాలుగులో ఒక వంతు. నాలుగోది మొదలుపెట్టాను. ఇంకా ఆగుదాం."

"అరవై నాలుగులో ఒకటా? మా యార్డులో అంత నమ్మకమైన సరుకు నేనింతవరకూ చూళ్ళేదు. మీరు ఆగుదామంటే అక్కడ ఆవిడ ఆగుతుందా?"

"ఆగదు."

"ప్రధానమే అనుకుందాం. అప్పుడు చెయ్యగలిగిందేంది?"

నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు. దుగ్గిరాల రైతులు భయపడే ఆ సవరింపు ఏమిటో నఫీసాకు తెలియదు.

"చివర తొమ్మిది కదా. ఒకటి కలపండి. సున్న వస్తది. సున్న వస్తే ముక్కలవుతది కదా?"

"అవుతుంది" అందామె నెమ్మదిగా. "మీరడగకముందే చూశాను. అలవాటు. రెండు, మూడు, అయిదు, ఏడు, అలా కడదాకా అన్నీ చిన్న ముక్కలే. మేం ఇంతవరకూ చూసినవాటిలో అంత మెత్తని సంఖ్య లేదు. పెద్ద మిగులు సంఖ్య. కాని అది ఆమె కాదు."

"కోట్ల అంకెల్లో చివర ఒక్కటి. గోదాము నిండా పసుపుంటే అందులో గోటి మీద అంటినంత కూడా కాదు. మేం తూకం వేశాక దోసెడు కొసరు వేస్తాం. ఎవడూ లెక్కలోకి తీసుకోడు."

"నాంచారయ్య గారూ, అది తూకంలో దగ్గరితనం. పన్నెండులో ఉన్న ముక్క ఒక్కటైనా పదమూడులో ఉందా? పదమూడులోది పద్నాలుగులో ఉందా? పక్కపక్కనున్న ఏ రెండు సంఖ్యలకీ ఉమ్మడి ముక్క ఉండదు, ఒకటి తప్ప. ఇరుగుపొరుగే, కానీ ఏ చుట్టరికమూ లేదు."

"ఇట్టా ఎవరి మీదన్నా చేశారా?"

"ఎలుకల మీద చేశాం."

"బతికినాయా?"

"బతికాయి. కాని మేలుకున్నది ఏ ఎలుకో మాకెలా తెలుస్తుంది? దానికి నోరు లేదు కదా."

నాంచారయ్య 'బతికాయి' అన్నంత వరకే విన్నాడు. ఆ పైది ఆయన చెవికి సంచి మీద దుమ్ములా తోచింది. బాపయ్య ఆయన భుజం పట్టుకున్నాడు. "చెయ్యమను బావా. అక్క కళ్ళు తెరిచి నన్ను రెండు తిట్లు తిడితే చాలు నాకు. తేడా ఉంటే మనం సర్దుకోలేమా?"

భర్త వేలిముద్ర పడింది. నఫీసా ఆ కాగితం తీసుకుంది. వద్దనడానికి ఆమెకు అధికారం ఉంది. కాని పక్క సంఖ్యతో ఒక మనిషి లేస్తుందో లేదో చూడాలన్న కోరిక ఆమెలోనూ ఉంది. ఆ మాట ఆమె తర్వాత తనంతట తానే చెప్పింది.

*

తాళాలన్నీ పడ్డాక, అదే రోజు సాయంత్రం రత్నం కళ్ళు తెరిచింది. ఈసారి ఆ కళ్ళలో మనిషి ఉంది. కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. ఊపిరి పీల్చుకుంది. గది అంతా కలియజూసింది.

"మా గుంటడేడి?" అంది.

నాంచారయ్యకు ఆ మాట అర్థం కాలేదు. "ఏంది రత్నం? ఏం కావాలి?"

"మా గుంటడండీ. నా కొడుకు. ఇక్కడే ఒడ్డున ఆడుతున్నాడు. మీరెవులు బాబూ?" తన చేతులు పైకెత్తి చూసుకుంది. ఆ బంగారు గాజుల్నీ పసుపు ఇంకిన గోళ్ళనూ చూసి, పాము మీద పడ్డట్టు చేతులు విదిలించింది. "ఈ సేతులేటి? ఎవులివి ఇవి?"

గొంతు రత్నానిదే. మాట ఉత్తరాన రేవుల్లో మాట్లాడే మాట. ఆ యాస రత్నం జన్మలో మాట్లాడలేదు.

కొన్నాళ్ళకు సంగతంతా తేలింది. ఆమె పేరు నూకాలు. ఊరు నీలాలరేవు. భర్త వలలు అల్లేవాడు, సముద్రం మీదికి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆరేళ్ళ కొడుకు. ప్రయోగశాల వాళ్ళు కోస్తా అంతా వెతికించారు. నీలాలరేవు అనే ఊరు ఎక్కడా లేదు. ఆ భర్త లేడు, ఆ కొడుకు పుట్టలేదు. ఆమె చెప్పే ప్రతి సంగతికీ ఇంకో సంగతి అతికి ఉంది. ఎక్కడా ఒక్క దారమూ ఊడదు. ఒక సంఖ్యలో నిండు జీవితం ఉంది. ఎవరూ బతకని జీవితం.

దుగ్గిరాల తీసుకొచ్చాడు. తీసుకురాక ఏం చేస్తాడు? సమయం ఇస్తే రత్నం లోపల్నించి తేలి వస్తుందేమోనని ఒక ఆశ. ఆమె పడకగది గడప తొక్కలేదు. వంటింటి వసారాలో చాప వేసుకుంది. ఆయన్ని "సావుకారు బాబూ" అని పిలిచేది. భార్య నోటి నుంచి ఆ పిలుపు వచ్చిన ప్రతిసారీ నాంచారయ్య లేచి కొట్టుకు వెళ్ళిపోయేవాడు.

కొట్లో కూర్చోబెట్టి చూశారు. పసుపు ఘాటుకు ఆమెకు తుమ్ములు ఆగలేదు. రైతులు "ఏం రత్నమ్మగారూ, మమ్మల్ని మరిచారా?" అంటే బిక్కచచ్చి బాపయ్య వెనక్కి నక్కేది.

"అక్కా, నేనే, బాపయ్యని. చిన్నప్పుడు చెరుకు తోటలో తప్పిపోతే వీపున మోసుకొచ్చావు" అన్నాడు వాడు.

"నీ అక్క మంచిది నాయినా. నాను కాదు" అందామె.

బాపయ్య ఆ రోజు నుంచి ఆమె ముఖం చూడటం మానేశాడు.

ఆమె సరిగా తినేది కాదు. చిక్కిపోతోంది. ఒకరోజు నాంచారయ్య గట్టిగా అడిగితే, తల దించుకుని "సేపలు తినక ఎన్నాళ్ళైందో బాబూ. పప్పు గొంతు దిగట్నేదు" అంది. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా నీచు గడప దాటలేదు. ఆయన రెండు రోజులు తర్జనభర్జన పడ్డాడు. ఆమెను అలా ఎండగట్టి రత్నం ఒంటిని పోగొట్టుకోవడం ఏ లెక్కకూ పొసగలేదు. తెనాలి వెళ్ళి ముక్కుకు కండువా కట్టుకుని చేపలు తెచ్చాడు. పెరట్లో వేరే పొయ్యి వేసుకుని ఆమె వండుకుంది. తింటూ ఏడ్చింది. మొదటి ముద్ద ఎప్పటిలాగే పక్కన తీసి పెట్టింది. ఎవరికని ఆయన అడగలేదు.

ఇరుగుపొరుగు కిటికీలు మూసుకున్నారు. "కోమటి వీధిలో చేపల పులుసు కాగుతోంది" అని యార్డులో నవ్వుకున్నారు. నాంచారయ్య వినీ విననట్టు కాటా సరిచూసుకునేవాడు.

*

మాఘంలో కొత్త పసుపు యార్డుకు వస్తున్న రోజుల్లో నఫీసా కొట్టుకు వచ్చింది. గోతాల మధ్య నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాలుగో పరీక్ష మొదలైందని చెప్పాను కదా. దాన్ని ఎవరూ ఆపలేదు. మీ ఆవిడ, అంటే ఆమె, కళ్ళు తెరిచిన మర్నాడు ఫలితం వచ్చింది."

"ఏమని?"

"ప్రధానం కాదు. మూడు పరీక్షల్నీ మోసం చేసింది. అరవై నాలుగులో ఆ ఒక్కటీ మనకు తగిలింది. ముక్కలు దొరక్కుండా చెప్పి ఏం లాభమని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. పోయిన వారం దొరికాయి. మూడే ముక్కలు. పెద్దవే, కాని మోగించగలం."

నాంచారయ్య పక్కనున్న గోతాం మీద చెయ్యి వేశాడు.

"ఒక్క రోజు" అన్నాడు. "ఇంకొక్క రోజు ఆగుంటే."

"అవును. ముక్కలు దొరికేదాకా ఆమె మెదడు నిలిచేదో లేదో చెప్పలేను గాని, వెతికేవాళ్ళం."

"అడుగు దాకా గుచ్చాననే అనుకున్నా" అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"అల్లిక పడ్డాక మెదడు వాడటం ఆగింది. ఇప్పుడున్న ఆ అల్లిక గట్టిపడటానికి ఇంకో నెల పడుతుంది. ఈలోగా అయితే చెరిపి మీ ఆవిడ సంఖ్యను అల్లొచ్చు. పూర్తిగా ఆమే వస్తుంది. ఒక్క పోగు తేడా ఉండదు" అని, నఫీసా గొంతు తగ్గించింది. "చెరపడం అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. చట్టం దృష్టిలో ఆమె మీ భార్య. వేలిముద్ర మీదే. నా చేత్తో నేను చేస్తానో లేదో నాకు తెలియదు. చేయమంటే చేస్తాననే అనుకుంటున్నాను."

వెనక నుంచి బాపయ్య వచ్చాడు. అంతా విన్నాడు. "ఆలోచించేదేంది బావా? అది మా అక్క ఒంట్లో కాపురం పెట్టిన బాడుగ మనిషి. ఖాళీ చేయించు. రేపే బండెక్కండి."

నాంచారయ్య పది రోజులు లెక్క వేశాడు. ఇటు తూచినా అటు తూచినా ముల్లు రత్నం వైపే మొగ్గింది. ఆమె బతికిన మనిషి. నవ్విన మనిషి. ఇటువైపు ఉన్నదానికి ఊరు లేదు, పేరు లేదు, గతం లేదు. చివరికి నూకాలుతో "డాక్టరమ్మ ఒకసారి చూస్తానంటోంది" అని చెప్పి రైలెక్కించాడు. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

భీమిలిలో దిగాక "కాసేపు ఇసకలో కూకుంటాను బాబూ" అంది. కూర్చున్నారు. అలలు దూరంగా ఉన్నాయి.

"నన్ను సెరిపేత్తారు కదా" అంది నూకాలు.

ఆయన గొంతు సవరించుకోబోయాడు. రాలేదు.

"బాపయ్య నాయిన మొకం మీదే సెప్పీసినాడు. నాకు కోపం నేదు. ఇది ఆయమ్మ ఒళ్ళు. అద్దంలో సూత్తే నాకే బయమేత్తాది. ఎవులి ఇల్లు ఆళ్ళకి ఇచ్చీడమే దరమం." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఒక్కటే అడుగుతాను. మా గుంటడి సంగతి మీరు ఇనాలి. ముందు నించి సివరి దాకా. ఆడు పుట్నేదని మీరంతా అన్నారు. సరే. పుట్టనోడికి నాను కాక ఎవులున్నారు సెప్పండి? నాను పోతే ఆడు ఎక్కడా ఉండడు. మీ బుర్రలో కూసింత సోటియ్యండి. తరవాత ఎల్దాం."

నాంచారయ్యకు అది న్యాయమైన బేరంలా కనిపించింది. ఒక పిల్లవాడి సంగతి వినడం ఎంత భారం? "చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది. వాడి పేరు పైడిరాజు. ఏడునెలలకే పుట్టాడు. వల బుట్టలో దూది వేసి పడుకోబెట్టారు. మాట ఆలస్యంగా వచ్చింది, వచ్చాక ఆగలేదు. ఉరుమంటే భయం లేదు, సీతాకోకచిలుకంటే భయం. తండ్రి వేటకు వెళ్ళి రానప్పుడు, రోజూ ఒక చేపముక్క దాచి "అయ్యొచ్చాక ఇత్తాను" అనేవాడు. అది కుళ్ళి కంపు కొడుతుంటే తల్లి దొంగతనంగా పారేసి కొత్త ముక్క పెట్టేది. వాడికి తెలుసు. తెలిసీ ఆమె కోసం తెలియనట్టుండేవాడు. ఒక చెవి మీద గాలం గుచ్చుకున్న మచ్చ ఉంది. పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది. మధ్యలో నవ్వింది కూడా. ఆ ముఖం మీద నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. కాని అది రత్నం నవ్వు కాదు. ఒక పక్కకు వంగిన, సిగ్గుపడే నవ్వు. దానికి కారణం ఆ పిల్లవాడు.

"అయిపోనాదండీ. ఎల్దాం" అని లేచింది.

ప్రయోగశాల మెట్ల దాకా వచ్చారు. నఫీసా గుమ్మంలో నిలబడి ఉంది. నాంచారయ్య విన్నదాన్ని లోపల ఒకసారి సరిచూసుకున్నాడు, సరుకు దింపుకున్నాక సంచులు లెక్క చూసుకున్నట్టు. బుట్ట, దూది, సీతాకోకచిలుక, చేపముక్క, చెవి. అక్కడ ఆగిపోయాడు.

"మచ్చ ఏ చెవి మీద?" అన్నాడు.

"ఎడమ సెవి బాబూ."

విని పావుగంట కాలేదు. అప్పుడే ఒకటి జారిపోయింది. రేపటికి ఇంకెన్ని జారతాయి? ఏడాదికి ఏం మిగులుతుంది? వాడి గొంతు ఆయన వినలేదు. వాడి బరువు ఆయన మోయలేదు. ఆమె మాటలు అప్పగించింది గాని పిల్లవాణ్ణి అప్పగించలేదు. ఎలా అప్పగిస్తుంది? వాడు చేతులు మారే సరుకు కాడు. ఈ తల చెరిపిన రోజున చచ్చేది ఒక్కరు కాదు, ఇద్దరు.

రత్నం కావాలి. ఆ కోరిక ఏమీ తగ్గలేదు. మెట్ల మీద నిలబడ్డ ఆ క్షణంలో అది మునుపెన్నడూ లేనంతగా పిండేసింది. లోపలికి నాలుగడుగులు వేస్తే రాత్రికి రత్నం "పోపుల డబ్బా ఏదండీ" అంటుంది. ఆ మాట వినడానికి ఆయన ఏదైనా ఇచ్చేవాడే. ఇవ్వడానికి అక్కడ ఉన్నది మాత్రం ఆయనది కాదు.

"ఎప్పుడు మొదలుపెట్టమంటారు?" అంది నఫీసా.

"వద్దమ్మా" అన్నాడు నాంచారయ్య.

"మళ్ళీ అడిగే వీలుండదు. నెల దాటితే ఇక రాదు."

"తెలుసు. వద్దు."

నఫీసా గుమ్మానికి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. నూకాలు మాత్రం ఏం జరిగిందో తెలియక మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి అలాగే నిలబడిపోయింది. కాసేపటికి ఆ మెట్టు మీదే కూలబడి, రత్నం చేతుల్లో ముఖం దాచుకుని, బతికినందుకు వెక్కి వెక్కి ఏడ్చింది.

*

నెల దాటింది. బాపయ్య తూకాల దగ్గర పని మానేశాడు. మానేసే రోజున కొట్టు మెట్ల మీద నిలబడి, "మొదటిసారి తెలవక చంపావు, పోనీలే. రెండోసారి తెలిసి చంపావు బావా. నా అక్కని అమ్మి ఆ కథ కొనుక్కున్నావు" అన్నాడు. నాంచారయ్యకు వాడు చెప్పినదాంట్లో తప్పు లెక్క ఎక్కడా కనపడలేదు.

యార్డులో ఎవరైనా "ఇంట్లో ఆవిడ బాగున్నారా?" అంటే "బాగుంది" అంటాడు. రైతులతో మాట కలిపేవాళ్ళు లేక బళ్ళు పక్క కొట్లకు మళ్ళుతున్నాయి. ఇంట్లో పెరటి పొయ్యి మీద ఆమె పులుసు, వంటింట్లో ఆయన మజ్జిగన్నం. ఆమెకు ఆయన ఎప్పటికీ ఏమీ కాడు. ఆయనకు ఆమె ముఖం చూస్తే చాలు, పోయిన మనిషి ఎదురుగా నడుస్తూ ఉంటుంది.

మధ్యాహ్నాలు ఎండలో కొట్టు మూసి వచ్చాక, ఆమె వసారాలో కూర్చుని కొడుకు సంగతి చెబుతుంది. ఆయన వింటాడు. మరిచినవి మళ్ళీ అడుగుతాడు. మొన్న ఆమె వాడికి మాట వచ్చిన ఏడు తప్పు చెబితే, ఆయనే దిద్దాడు. ఆమె ఆగి, ఆయన వైపు వింతగా చూసి, అవునని తలూపింది.

చివరికి తేలింది ఇంత. రత్నం భీమిలిలో ఉంది, మూడు సంఖ్యలుగా. ఒకదానితో ఒకటి గుణిస్తే పోపుల డబ్బా వెతుక్కునే మనిషి అంతా వస్తుంది, దించుకోవడానికి తల లేదు. ముప్పై ఏళ్ళ కాపురం, బావమరిది మాట, వీధిలో పరువు ఇచ్చేశాక నాంచారయ్య చేతికి వచ్చింది, ఈ భూమి మీద ఎన్నడూ నడవని పిల్లవాడొకడు. వాడి కోసం ఏడ్చేవాళ్ళు మొదట ఒక్కరు, ఇప్పుడు ఇద్దరు.